ముప్ఫయ్యో అధ్యాయంలో అతుకులు

చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే లైబ్రరీ ఒకటి మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంది. పదకొండేళ్ళుగా వారానికి మూడు రోజులు అక్కడికి వెళ్ళి చదువుతున్నాను. జీతం లేదు, టీ ఉంది. నాది సేవాభావమని మా వీధిలో అందరూ అనుకుంటారు, నేనూ కాదనను. అసలు సంగతి వేరు. ఇంట్లో నేను మొదలుపెట్టిన వాక్యాన్ని చివరిదాకా విన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. అక్కడ ఒక్కో వాక్యాన్ని రెండేసి సార్లు వింటారు.

చదివే గది స్నానాలగది కంటే కాస్త పెద్దది. నాలుగు గోడలకీ మందపాటి స్పాంజి, దాని మీద కార్పెట్టు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక మైకు. ఒక పక్క అద్దం, అద్దం అవతల మీటల ముందు ఒకాయన. ఆయన్ని అందరం మీటలాయన అనే అంటాం. ఇరవయ్యేళ్ళు పెళ్ళిళ్ళకీ సభలకీ మైకులు బిగించి, ఆ గోల పడలేక ఇక్కడ చేరాడు. ఎర్రదీపం వెలిగిందంటే ఫ్యాను ఆగాలి, ఏసీ ఆగాలి, చేతి గాజులు తీసి పక్కన పెట్టాలి. కడుపు గుర్రుమంటుంది కనక ఖాళీ కడుపుతో రాకూడదు, త్రేనుపులు వస్తాయి కనక నిండా తినీ రాకూడదు.

ఈ నియమాలన్నీ మేం చెవిగారని పిలుచుకునే పెద్దాయనవి. ఆయన ఉద్యోగం పేరు పరిశీలకుడు. పుట్టుకతో చూపు లేదు, వయసు అరవై దాటింది. రికార్డయిన ప్రతి అధ్యాయాన్నీ ఆయన విని సరేనంటేనే బయటికి వెళ్తుంది. ఒకసారి నేను చదివింది విని, "కొత్త చెప్పులామ్మా? ఎడమది కరుస్తున్నట్టుంది" అన్నారు. చదివిన ఆ గంటసేపూ నేను కుర్చీలోంచి లేవనే లేదు.

ఆయన పెట్టినవాటిలో రెండు నియమాలకి మాత్రం తిరుగు లేదు. ఒక పుస్తకానికి ఒకే గొంతు. ఒక అధ్యాయానికి ఒకే విడత. మధ్యలో ఆపి, లేచి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెడితే ఆ చోట గొంతులో అతుకు పడుతుందనీ, అది తన చెవికి గోడకి మేకు కొట్టినట్టు వినిపిస్తుందనీ ఆయన అంటారు. చదివే మనిషి సగంలో మానేస్తే అంతవరకూ చదివినదంతా చెరిపేసి, వేరొకరు మొదటి పేజీ నుంచి చదవాలి.

అప్పుడు నా చేతిలో ముప్ఫై ఎనిమిది అధ్యాయాల నవల ఉంది. ఒక చిన్న ఊరి పోస్టాఫీసు నడిపే పోస్టుమాస్టరమ్మ, ఊళ్ళో ఉత్తరాలు దొంగతనంగా విప్పుతున్నది ఎవరో కనిపెట్టే కథ. పదకొండేళ్ళలో నేను చదివినవాటిలో నాకు బాగా నచ్చిన పుస్తకం. ఎందుకంటే అందులో వంట చేసే సన్నివేశం ఒక్కటీ లేదు.

పద్దెనిమిదో అధ్యాయంలో, సరిగ్గా ఇరవయ్యో నిమిషాన, నా ఛాతీలో ఎవరో పొయ్యి ముట్టించారు. సెగ మెడకి ఎక్కింది, మెడ నుంచి చెవులకి, అక్కడి నుంచి నెత్తికి. కళ్ళజోడు ఆవిరి పట్టింది. చెమట చుక్క గడ్డం మీంచి జారి పోస్టుమాస్టరమ్మ మీద పడింది. అద్దం అవతల మీటలాయన తల వంచుకుని తెర మీద నా గొంతు గీతలు చూసుకుంటున్నాడు. నేను ఆపలేదు. ఆ అధ్యాయం చివరి పది పేజీలూ ఎలా చదివానో నాకే తెలియదు. మర్నాడు చెవిగారు అధ్యాయం పరవాలేదన్నారు. చివర్లో బస్సు అందుకోవాల్సిన పని ఏమైనా పడిందా అని మాత్రం అడిగారు. పడిందన్నాను.

ఆ తర్వాత ప్రతి అధ్యాయానికీ ఒక బస్సు. ఇంట్లోనూ వస్తున్నాయి గానీ, ఇంట్లో అయితే ఫ్రిజ్ తలుపు తీసి కూరగాయల కేసి ఆలోచనగా చూస్తూ నిలబడచ్చు. ఆ గదిలో ఆ సౌకర్యం లేదు. నా వయసు నలభై తొమ్మిది. ఇదేమిటో నాకు తెలుసు. తెలిసినదాన్ని మీటలాయనకీ చెవిగారికీ ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పకపోతే పుస్తకం పోతుంది, చెబితే నా పరువు పోతుంది. కొన్నాళ్ళు ఈ రెంటిలో ఏది చవకో చూద్దామని ఊరుకున్నాను.

ముందుగా పట్టుకున్నది మా ఆయన. ఆయన కోల్డ్ స్టోరేజీల మెకానిక్. బంగాళదుంపలు, ఆపిల్ పళ్ళు, వ్యాక్సిన్లు ఏవి ఏ డిగ్రీల దగ్గర సుఖంగా ఉంటాయో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళలో నాకు ఏ డిగ్రీ సుఖమో అడిగిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున నేను ఫ్రిజ్ ముందు నిలబడి ఉండగా వచ్చి, నా మొహం చూసి, ఫ్రిజ్ మొహం చూసి, ఏమీ అనకుండా వెళ్ళి తన సంచీలోంచి ఒక ఫారం తెచ్చారు. చల్లగది పాడైనప్పుడు గంటగంటకీ నింపే కాగితం అది. సమయం, ఎంతసేపు, అంతకుముందు ఏం జరిగింది, తలుపు ఎన్నిసార్లు తెరిచారు.

చివరి గడి నాకు వర్తించదని చెప్పాను.

"ఫారం అలాగే ఉంటుంది, గీత పెట్టెయ్," అన్నారు.

ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అతికించారు. వారం రోజులు నింపాను. రోజుకి పదమూడు. వేడి టీ తాగిన తర్వాత కొన్ని, నైలాన్ బట్టలు కట్టుకున్న రోజున ఎక్కువ, పొయ్యి దగ్గర మామూలే. ఏది ఎటుపోయినా లైబ్రరీకి వెళ్ళిన మూడు రోజులూ ఇరవయ్యో నిమిషాన తప్పకుండా ఒకటి. మా ఆయన ఆ కాగితాన్ని భోజనాల బల్ల మీద పరిచి, కళ్ళజోడు ముక్కు చివరికి దింపి, చాలాసేపు చూశారు. నన్ను ఆయన అంత శ్రద్ధగా చూడటం పెళ్ళిచూపుల్లో కూడా లేదు.

కంప్రెసర్ బాగానే ఉందని తేల్చారు. తప్పంతా థర్మోస్టాట్‌దట. ఒకటీ అరా డిగ్రీ తేడాకి బెదిరిపోయి మొత్తం యంత్రాన్ని ఉరికిస్తోందట. పైగా లోడ్ ఎక్కువైనప్పుడు కాదు, తలుపు మూసినప్పుడు, అంటే నేను ఆ చదివే గదిలో కూర్చున్నప్పుడు.

ఇదంతా పక్కన కూర్చుని వింటున్న మా అత్తయ్యగారు తమ రోజుల్లో ఇలాంటివి లేవన్నారు. ఆవిడకి ఎనభై ఒకటి. తర్వాత రెండు రోజులు ఆ కాగితం ముందు నిలబడి చదువుతూ కనిపించారు. మూడో రోజు బీన్స్ తుంచుతూ, నా వైపు చూడకుండా అన్నారు.

"నాకు రోజుకి ఎనిమిదే వచ్చేవమ్మాయ్."

"ఏం చేసేవారు అత్తయ్యా?"

"సామాన్ల గదిలోకి పోయి తలుపేసుకుని కింద చెంప ఆనించి పడుకునేదాన్ని. సిమెంటు గచ్చు. చల్లగా ఉండేది. ఎవరైనా అడిగితే ఎలకని వెతుకుతున్నానని చెప్పేదాన్ని. మూడేళ్ళు వెతికాను."

మా ఆయన చదువుతున్న పేపరు కిందికి దించారు. "అమ్మా, ఆ ఎలక కోసం నేను రెండు బోన్లు కొన్నాను."

"మంచి బోన్లురా," అన్నారు ఆవిడ.

ఆయన అంతటితో ఆగలేదు. వ్యాక్సిన్ పెట్టెల్లో పెట్టే నీలం జెల్ సంచులు నాలుగు తెచ్చి, టవల్లో చుట్టి నడుముకి కట్టుకునేలా చేసిచ్చారు. ఇరవై మూడో అధ్యాయానికి కట్టుకుని వెళ్ళాను. హాయిగానే ఉంది. కానీ నేను ఊపిరి తీసినప్పుడల్లా ఆ సంచుల్లో గడ్డ కరుగుతూ చిటపటమంది. చెవిగారు ఆ అధ్యాయాన్ని వెనక్కి పంపారు. పోస్టాఫీసులో ఎవరో పేలాలు నములుతున్నారట.

అప్పుడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మా ఆయన ఫారం చూసి ఆవిడ ముచ్చటపడింది. మెదడులో ఒంటి వేడిని చూసుకునే చోటు ఈ వయసులో చిన్నతేడాకే ఉలిక్కిపడుతుందనీ, హాట్ ఫ్లాష్ అంటే అదేననీ చెప్పింది. థర్మోస్టాట్ సంగతి మా ఆయన అప్పుడే చెప్పారన్నాను. ఆయన కూడా డాక్టరా అని అడిగింది.

"కాదండీ. బంగాళదుంపల్ని చూసుకుంటారు," అన్నాను.

రెండో కాన్పు తర్వాత నా కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టింది. అది విని ఆవిడ హార్మోన్ మాత్రల మాట అక్కడికక్కడే పక్కన పెట్టేసింది. అవి లేకుండా కూడా దారులున్నాయంది. పొడులూ గింజలూ కషాయాలూ పనిచేస్తాయన్న రుజువు గట్టిగా లేదు కనక వాటి మీద ఆశ పెట్టుకోవద్దంది. చల్లటి నీళ్ళు, ఫ్యాను, నూలు బట్టలు ఆ కాసేపు సుఖాన్నిస్తాయి గానీ సెగల లెక్కని తగ్గించవంది. తగ్గించే మాత్రలు కొన్ని ఉన్నాయి. ఒకటి మూత్రం సమస్యకి వాడేది, కానీ నోరు ఎండుతుంది. నోరు ఎండితే మైకులో పెదవులు చప్పుడవుతాయి, వద్దన్నాను. ఇంకొకటి మత్తుగా ఉంటుంది. నేను మత్తుగా చదివితే వినేవాళ్ళు నిద్రపోతారు. కొత్తరకం ఒకటి వచ్చింది, లివర్ పరీక్షలు చేయించుకుంటూ వాడాలి. చివరికి మనసు బాగోలేనివాళ్ళకిచ్చే మాత్రల్లో ఒకదాన్ని, అతి చిన్న మోతాదులో, రాసింది. అది నోటిని మరీ ఎండబెడితే వచ్చి చెప్పమంది. చెప్పాల్సిన అవసరం రాలేదు. దానితో పాటు శనివారం సాయంత్రాలు ఒక సిస్టర్ చెప్పే తరగతికి ఆరు వారాలు రమ్మంది. ఈ రెంటిలో దేని మీద తనకి ఎక్కువ నమ్మకమని అడిగాను. రెండూ చేస్తే ఏది పనిచేసిందో తెలియదు గానీ హాయి మాత్రం తెలుస్తుందంది. ఆవిడ నాకు నచ్చింది.

తరగతి అంటే ఆసుపత్రి వెనక గదిలో ఐదు ప్లాస్టిక్ కుర్చీలు, నలుగురు ఆడవాళ్ళు, సిస్టర్. అందరి చేతుల్లోనూ ఏదో ఒక విసురుకునే వస్తువు. సెగ మొదలవగానే మనసులో ఏమనుకుంటారో రాయమంది సిస్టర్. నేను రాసింది ఇదీ. వచ్చేసింది. ఇక గొంతు వణుకుతుంది. చెవిగారు కనిపెడతారు. పుస్తకం పోతుంది.

సిస్టర్ ఆ నాలుగు వాక్యాలూ చదివి, "ఇందులో అప్పటికి జరిగింది ఎన్ని?" అని అడిగింది.

ఒక్కటే. మిగతా మూడూ నేను పేజీలు ముందుకి తిప్పి చదివేసుకున్నవి. పదకొండేళ్ళుగా చదవడమే పనిగా పెట్టుకున్నదాన్ని, ముందుపేజీ చదవకూడదని నాకు ఒకరు చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత వేరే వాక్యాలు నేర్పింది. వచ్చింది. నాలుగు నిమిషాలు. పోతుంది. దానితో పాటు పొట్ట నిండేలా నింపాదిగా ఊపిరి తీసి, అంతకంటే నింపాదిగా వదలడం. ఊపిరి వల్ల సెగ ఆగిపోదు, మన కంగారు దాన్ని ఎగదోయకుండా ఉంటుంది అంతే అంది.

రెండు నెలలు గడిచేసరికి పదమూడు ఆరయ్యాయి. ఈలోగా ఎక్కువ రోజులు నవలని పక్కన పెట్టి చిన్న చిన్న పత్రికలే చదివాను. ఉన్న ఆరు కూడా మునుపటిలా కొంపలు ముంచేవిగా లేవు. అంతా బాగుంది. నేను చేసిన పొరపాటు ఒక్కటే. ఆ ఊపిరిని మైకు ముందు తీశాను.

ఇరవయ్యారో అధ్యాయంలో పోస్టుమాస్టరమ్మ దొంగకి కనపడకుండా ఉత్తరాల బీరువాలో దాక్కుంటుంది. సరిగ్గా అక్కడే నాకు సెగ వచ్చింది. ఆగకూడదు కనక, ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ మధ్య సిస్టర్ నేర్పిన ఊపిరి తీస్తూ, వదులుతూ చదివాను. మామూలుగా నేను దగ్గితే చాలు మీటలాయన ఆ ముక్క కత్తిరించేస్తాడు. ఈసారి కత్తిరించలేదు. బయటికి రాగానే లేచి నిలబడ్డాడు.

"మేడమ్, ఆ బీరువా సీను... నాకే ఊపిరాడలేదు."

చెవిగారు ఇంకో అడుగు ముందుకి వేశారు. మనం చదివేవాళ్ళమే తప్ప నటించేవాళ్ళం కాదని అందరికీ చెప్పే మనిషి, ఆ ఒక్కచోటా ఉంచేయమన్నారు. నేను వినయంగా తల దించుకున్నాను. సరే, ఆయనకి కనపడదనుకోండి.

ఆ మర్యాద మూడు అధ్యాయాలు నిలిచింది. ఇరవై తొమ్మిదో అధ్యాయం రికార్డయిన మర్నాడు చెవిగారు నన్ను తన గదికి పిలిచారు. బల్ల మీద హెడ్‌ఫోన్సు పెట్టి, వాటి తీగని నెమ్మదిగా చుట్ట చుడుతున్నారు.

"బీరువాలో సరేనమ్మా, ప్రాణభయం. కవరుకి స్టాంపు అంటించడానికి అంత ఊపిరి ఎందుకు?"

తీగ చుట్టడం ఆపి ఆయనే మళ్ళీ అన్నారు.

"ఎనిమిది ఊపిర్లు లెక్కపెట్టాను. అంతకుముందు అధ్యాయంలో ఏడు, ఆవిడ లెడ్జర్లో తేదీ వేసేటప్పుడు. ఆస్తమానా? గుండెకి సంబంధించిందా? నేను అడగకూడదు. కానీ మీ ఆరోగ్యం పణంగా పెట్టి మాకు పుస్తకం అక్కర్లేదు. దీన్ని బ్యాంకాయనకి ఇచ్చేస్తున్నాను. మీరు విశ్రాంతి తీసుకోండి."

బ్యాంకాయన అంటే మా దగ్గర చదివే ఇంకో ఆయన. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ప్రేమలేఖని ఆయన చదివితే వేలం నోటీసులా ఉంటుంది. ఆయన చేతిలో పడితే నా ఇరవై తొమ్మిది అధ్యాయాలూ చెరిగిపోయి, పోస్టుమాస్టరమ్మ మొదటి పేజీ నుంచి గుమస్తాలా మాట్లాడటం మొదలెడుతుంది. చెవిగారికి నా మీద కోపమొస్తే బతిమాలుకునేదాన్ని. జాలిపడుతున్న మనిషిని ఏమని బతిమాలను?

ఆ గదిలో నోరు పెగల్లేదు. అయినా అక్కడ ఎందుకు పెగలాలి, నా నోరు పనిచేసే చోటు వేరే ఉందిగా అనిపించింది. ఒక్క పేజీ చదవాల్సింది మిగిలిపోయింది, మీరు మళ్ళీ హెడ్‌ఫోన్సు పెట్టుకోండి అని చెప్పి, వెళ్ళి చదివే గదిలో కూర్చున్నాను. తలుపు వేసుకున్నాను. గాజులు తీశాను. మీటలాయనకి సైగ చేశాను. ఎర్రదీపం వెలిగింది. చేతిలో పుస్తకం లేకుండా, పుస్తకం చదివే గొంతుతోనే మొదలుపెట్టాను.

"చదివేమనిషి వయసు నలభై తొమ్మిది. ఆస్తమా లేదు. గుండె బాగానే ఉంది. నెలసరి ఆగే వయసులో ఆడవాళ్ళకి ఒంట్లోంచి సెగలు వస్తాయి. ఈమెకి రోజుకి పదమూడు వచ్చేవి, వైద్యం వల్ల ఆరయ్యాయి. ఒక్కొక్కటీ నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ ఫ్యాను వేసి, చల్లటి నీళ్ళు తాగనిస్తే మళ్ళీ మామూలుగా చదవగలదు. ఇరవయ్యారో అధ్యాయంలో ఊపిరి తీసింది పోస్టుమాస్టరమ్మ కాదు. పేరా అయిపోయింది."

అద్దం అవతల మీటలాయనకి చెప్పు పట్టీ ఊడిపోయిందట, బల్ల కిందికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. ఆయన చెప్పులకి పట్టీలుండవు.

స్పీకర్లో చెవిగారి గొంతు వచ్చింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"పద్దెనిమిదో అధ్యాయం నుంచండీ."

"బస్సు అప్పుడు మొదలైంది. మా లైబ్రరీ మీద విసుగొచ్చిందనుకున్నాను. నాకొక మాట చెప్పొచ్చుగా అమ్మా."

"మీరు అన్నీ వినేస్తారుగా. ఇదొక్కటి వినపడకపోతే బాగుండుననుకున్నాను."

ఆయన నవ్వలేదు, కానీ గొంతు కాస్త వదులైంది. ఒక అధ్యాయానికి ఒకే విడత అన్న నియమం ఎందుకు పెట్టారో అప్పుడు చెప్పారు. చిన్నప్పుడు హాస్టల్లో టేపుల మీద కథలు వినేవారట. ఒక కథలో ఓడ కెప్టెన్ గొంతు నడిమధ్య మారిపోయింది. చదివిన మనిషి మధ్యలో ఆపి వేరే రోజు చదివాడు, అంతే. ఈయన మాత్రం ఓడలోకి కొత్త మనిషి ఎవడో ఎక్కాడనుకున్నారు. వాడెవడో తేలుతుందని కథ చివరిదాకా ఎదురుచూశారు. తేలలేదు. వాడు ఇప్పటికీ ఆ ఓడలోనే ఉన్నట్టు ఆయనకి అనిపిస్తుందట.

అదీ సంగతి. నియమాన్ని ఆయన మొండితనం అనుకున్నాను ఇన్నాళ్ళూ. అందులో ఓ పిల్లవాడు కూర్చుని ఉన్నాడని నాకు తెలియదు. అయినా నా పుస్తకాన్ని వదులుకోలేను కదా.

"ఒక్క అధ్యాయం ఆపుకుంటూ చదవనివ్వండి. అతుకులు మీకు వినపడితే బ్యాంకాయనకే ఇచ్చేద్దాం," అన్నాను.

"ఎన్ని వినపడితే?"

"మీరే చెప్పండి."

"రెండు వరకు ఓర్చుకుంటాను. మూడైతే మాత్రం ఇచ్చేస్తాను."

మీటలాయన బల్ల కింది నుంచి పైకి వచ్చాడు. చెవిగారు హెడ్‌ఫోన్సు తీసేశాక, తలుపు కాస్త తీసి, తల లోపలికి పెట్టి, వాళ్ళావిడ ఏడాదిగా సాయంత్రం టీ మెట్ల మీద ఒక్కతే కూర్చుని తాగుతోందని చెప్పాడు. తన మీద కోపమనుకుని ఈయన అటువైపు వెళ్ళడమే మానేశాడట. నా వైద్యం ఎక్కడని అడిగాడు. ఆసుపత్రిలో తరగతి ఉందనీ, శనివారం ఐదున్నరకనీ చెప్పాను. జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద రాసుకున్నాడు.

ఆ వారమంతా మేమిద్దరం అతుకు లేకుండా ఆపడం ఎలాగో సాధన చేశాం. ఆపిన చోటి నుంచి మొదలుపెడితే గొంతు చల్లారి ఉంటుంది. అందుకని ఆపిన వాక్యానికి ముందున్న నాలుగు వాక్యాలు మీటలాయన నా చెవుల్లోకి వినిపిస్తాడు. నా పాత గొంతుతో పాటు నేనూ గొంతు కలిపి చదువుతూ వచ్చి, సరైన చోట అది ఆగిపోతుంది, నేను సాగిపోతాను. నడుస్తున్న మనిషి పక్కన నాలుగడుగులు కలిసి నడిచి ఆ తర్వాత ఒంటరిగా ముందుకి పోయినట్టు. సెగ వస్తోందనిపించగానే నేను వేలు ఎత్తాలి, ఆయన ఎర్రదీపం ఆర్పి ఫ్యాను వేయాలి. జెల్ సంచి దీపం ఆరాకే మెడ మీదికి వస్తుంది, ఎంత చిటపటలాడినా అడిగేవాళ్ళు లేరు. మా ఆయన దానికి నూలుగుడ్డ తొడుగు కుట్టించి తెచ్చారు. లైబ్రరీకి వెళ్ళే రోజు టీ మానేసి మజ్జిగ తాగమని అత్తయ్యగారు ఫ్రిజ్ మీది కాగితంలో, తలుపు ఎన్నిసార్లు తెరిచారన్న గడిలో, రాసిపెట్టారు. ఇన్నాళ్ళకి ఆ గడికి పని దొరికింది.

ముప్ఫయ్యో అధ్యాయం పొడుగాటిది. ఊరంతా పోస్టాఫీసు ముందు పోగవుతుంది, అందరూ ఒకేసారి మాట్లాడతారు. పరీక్ష రోజు కదా, ఆ రోజు సెగల వాటాలో సగం అక్కడే వచ్చాయి. మూడుసార్లు వేలెత్తాను. మొదటిసారి, వచ్చింది, నాలుగు నిమిషాలు, పోతుంది అనుకున్నాను. పోయింది. రెండోసారి ఫ్యాను కింద కళ్ళు మూసుకుని కూర్చుంటే, పోస్టుమాస్టరమ్మ తర్వాత ఏమంటుందో అన్న ధ్యాసే తప్ప చెవిగారి ధ్యాస రాలేదు. మూడోసారి మీటలాయన తనే ముందుగా నా మొహం చూసి దీపం ఆర్పేశాడు. ఆడదాని మొహం చూసి వేడి కనిపెట్టడం ఆయనకీ అప్పుడప్పుడే అలవాటవుతోంది. నేను గంటన్నర చదివి, ఒక్క బస్సు కూడా అందుకోకుండా, అధ్యాయం చివరి వాక్యం దగ్గర తీరుబడిగా ఆగాను.

సాయంత్రం చెవిగారు విన్నారు. మేమిద్దరం ఆయన గది గుమ్మం దగ్గర పక్కపక్కన నిలబడ్డాం. ఆయన కళ్ళు మూసుకుని, బొటనవేలితో బల్ల అంచు రాస్తూ విన్నారు. పదిహేను నిమిషాల దగ్గర మొదటిసారి ఆపాం. బొటనవేలు ఆగలేదు. ముప్ఫై ఏడో నిమిషం దాటింది, రెండోదీ దాటింది. యాభై దగ్గర ఆయన వేలు ఎత్తి, "ఇదిగో, ఇక్కడొకటి" అన్నారు. అక్కడ మేము ఆపలేదు. రెండు పేజీలు అతుక్కుపోయి వచ్చాయి, విడదీశాను, అంతే. మూడోదీ దాటిపోయింది. చివర్లో జనం గోల దగ్గర మళ్ళీ వేలెత్తి, ఇంకొకటి అన్నారు. అక్కడ నేను గుటక వేశాను.

హెడ్‌ఫోన్సు తీశారు. "రెండు. అన్నమాట ప్రకారం రెండే. పుస్తకం మీదేనమ్మా."

సంతోషం పట్టలేక మీటలాయన నోరు తెరిచాడు. నిజం చెప్పాలనో, గొప్ప చెప్పుకోవాలనో, మొత్తానికి ఆయన నోట్లో 'మూడు' అన్న మాట తయారుగా కనిపించింది. నేను ఆయన కాలు తొక్కాను.

"ఎవరి కాలు ఎవరు తొక్కారు?" అన్నారు చెవిగారు.

"కుర్చీ జరిగిందండీ."

"కుర్చీ 'అబ్బా' అనదు." హెడ్‌ఫోన్సు తీగని చుట్ట చుట్టి సొరుగులో పెట్టారు. చేతికర్ర తడిమి తీసుకుని, మా ఇద్దరి మధ్య నుంచి గుమ్మం దాటి, నడవాలో నాలుగడుగులు వేసి ఆగారు. "ముప్ఫై ఒకటో అధ్యాయం ఎప్పుడు?"

"సోమవారమండీ."

"ఈలోగా ఆ గదిలో ఫ్యానుకి నూనె వేయించండి. పొద్దున నా గదిలోకి వినపడింది. ఆగేటప్పుడు మూడుసార్లూ కిర్రుమంది."

మూడుసార్లు ఆపామని ఆయనకి మేము చెప్పలేదు. మీటలాయన నా వైపు చూశాడు. నేను నడవా చివరిదాకా టకటకమంటూ పోతున్న చేతికర్ర వైపు చూశాను. చెవులెర్రబడ్డాయి, మెడ కాలింది. అది మాత్రం సెగ కాదు. తప్పు చోట్లు ఆయన తెలిసి చెప్పారో తెలియక చెప్పారో నేను అడగలేదు, ఆయనా కుర్చీ సంగతి మళ్ళీ ఎత్తలేదు. సోమవారం ఫ్యాను చప్పుడు లేకుండా ఆగింది.